శశాంకుడు: ఒక మహాసామంతుని ఉత్థానపతనాలు

తెలుగు రైల్వే కుటుంబాలు స్థిరపడిన ఖరగ్‌పూర్‌కు దక్షిణంగా, దాంతన్ సమీపాన మొగల్‌మారి దిబ్బ ఉన్నది. ప్రాచీన దండభుక్తి ఈ ప్రాంతమే. ఏడవ శతాబ్దపు ఆరంభంలో ఇది గౌడాధిపతి శశాంకుని ఏలుబడిలో ఉండెను.

రోహతాస్‌గఢ్ ముద్రలో అతడు కేవలం 'మహాసామంతుడు'. అనంతరం కర్ణసువర్ణం రాజధానిగా స్వతంత్రుడయ్యాడు. క్రీ.శ. 619 నాటి గంజాం తామ్రశాసనంలో శైలోద్భవ మాధవరాజు అతనిని మహారాజాధిరాజుగా పేర్కొన్నాడు. అతని మరణానంతరం రాజ్యం నిలువలేదు. కామరూపాధిపతి భాస్కరవర్మ కర్ణసువర్ణం నుండియే నిధాన్‌పూర్ శాసనాన్ని వెలువరించాడు.

శశాంకుడు బోధివృక్షాన్ని నరికించాడని హ్యూయెన్‌త్సాంగ్ వ్రాశాడు. శశాంకుని శత్రువైన హర్షుని ఆదరణ పొందిన యాత్రికుడతడు. అయినను, శశాంకుని మరణానంతరం కర్ణసువర్ణంలో సుమారు పది సంఘారామాలు, రెండువేల భిక్షువులు ఉన్నట్లు అతడే నమోదు చేశాడు. మొగల్‌మారిలో కలకత్తా విశ్వవిద్యాలయం 2003–04లో ప్రారంభించిన తవ్వకాలు ఆరవ శతాబ్దం నుండి శతాబ్దాలపాటు నిలిచిన విహారాన్ని బయల్పరచినవి.

బోధివృక్షంపై ఆరోపణను ఈ ఇటుకలు ఖండింపజాలవు. కాని అతని సొంత సీమలో భిక్షుసంఘం అంతరించలేదనుటకు అవి సాక్ష్యం. రాజ్యం ఒక తరంతో ముగిసినది. విహారం అతని తరువాతను నిలిచినది.