జెనీవా ఒప్పందములు – మన రాజ్యాంగము

యుద్ధమునకు కూడ ఒక ధర్మమున్నదని మన పెద్దలు నమ్మిరి. ఆయుధము పారవేసినవానిని కొట్టరాదని భారతకథ విన్న పిల్లవానికి సైతము తెలియును. పలు దేశములు కూడి అట్టి ధర్మమును కాగితముపై వ్రాసికొన్నది 1864లో. అంతకు అయిదేండ్ల క్రిందట, 1859 జూన్ 24న, ఇటలీలోని సోల్ఫెరీనో వద్ద పోరు జరిగినది. గాయపడి దిక్కులేక పడియున్న సైనికులను చూచి జెనీవా వర్తకుడు హెన్రీ డ్యూనాన్ చలించిపోయెను. ఆయన పూనికయే ఆ మొదటి ఒప్పందమునకు మూలము. రెండవ ప్రపంచయుద్ధము పిమ్మట, 1949 ఆగస్టు 12న, నాలుగు ఒప్పందములు కుదిరినవి. నేలపై గాయపడిన సైనికులు, సముద్రముపై గాయపడినవారు, యుద్ధఖైదీలు, సామాన్య పౌరులు – ఈ నలుగురికిని రక్షణ కల్పించుట వాని ఉద్దేశము.

భారతదేశము 1950 నవంబరు 9న వీనిని ధ్రువపరచినది. కాని ఒప్పందముపై సంతకము చేసినంత మాత్రమున అది మన కోర్టులలో చట్టము కాజాలదు. చట్టము చేయవలెను. ఎవరు చేయవలెను?

చిక్కు ఇక్కడనే ఉన్నది. సైన్యము, విదేశ వ్యవహారములు కేంద్రమువి. గాయపడినవారికి ఆసుపత్రి కావలెను. తప్పు చేసినవానిని పట్టుటకు పోలీసు కావలెను. ఉంచుటకు జైలు కావలెను. రాజ్యాంగము ఏడవ షెడ్యూలులో ఈ మూడును రాష్ట్రముల జాబితాలోనివి. రైల్వేలో పనిచేయు మాకు ఇది క్రొత్త కాదు. రైలు కేంద్రమునదే, కాని ప్లాట్‌ఫారముమీద పెట్టె పోయినచో కేసు వ్రాసికొనునది రాష్ట్రపు రైల్వే పోలీసు.

ఈ చిక్కును రాజ్యాంగకర్తలు ముందే ఊహించిరి. విదేశములతో చేసికొన్న ఒప్పందమును అమలుపరచుటకు పార్లమెంటు దేశమంతటికిని చట్టము చేయవచ్చునని, అది రాష్ట్రముల విషయమైనను సరేనని, 253వ అధికరణము చెప్పుచున్నది. ఆ అధికారముతోనే 1960లో జెనీవా ఒప్పందముల చట్టము వచ్చినది. కర్ణాటకలో ఒక రీతి, ఒడిశాలో మరొక రీతి అనుటకు వీలులేదు.

ఒప్పందముల రక్షణలోనున్నవారిని బుద్ధిపూర్వకముగా చంపినచో మరణశిక్ష గాని యావజ్జీవ ఖైదు గాని విధింపవచ్చును. ఇతర ఘోర ఉల్లంఘనలకు 14 ఏండ్ల వరకు ఖైదు. కేంద్రప్రభుత్వ అనుమతి లేక రెడ్‌క్రాస్ గుర్తును వాడినవారికి 500 రూపాయల వరకు జరిమానా అని వ్రాసిరి. ఆనాడు అది మా వంటి గుమాస్తా నెలజీతముకంటె ఎక్కువ.

ఐనను ఒక లోటున్నది. 17వ సెక్షను ప్రకారము ప్రభుత్వము గాని, అది నియమించిన అధికారి గాని ఫిర్యాదు చేసిననే కోర్టు ఈ నేరములను విచారించును. బాధితుడు స్వయముగా పోయి తలుపు తట్టలేడు. గోవాలోని మొంతేరో అను మతగురువు కేసులో, 1969లో, ఈ చట్టము దానంతటది వ్యక్తికి ప్రత్యేకమైన హక్కు నీయదని సుప్రీంకోర్టు తేల్చినది. మాట ఇచ్చినది ప్రభుత్వము; మాట తప్పినదని ఫిర్యాదు చేయవలసినదియు ప్రభుత్వమే! ఇది సరిదిద్దదగినదని మా నమ్మకము.

మన చేతిలోనున్నది ఒకటి కలదు. డాక్టరు బోర్డుమీద, మందుల షాపుమీద ఎఱ్ఱ శిలువను అలంకారముగా వ్రాయింపకుందము. యుద్ధభూమిలో ఆ గుర్తును చూచియే తుపాకి దించవలెను. వీధివీధినా వాడి దానిని చులకన చేసినచో, అక్కడ దానిని నమ్ముకొన్న క్షతగాత్రునికి దిక్కెవరు?

ఈ ఉగాది మన కుటుంబములకు, సర్వదేశములకు శాంతి నొసగుగాక!