సూది, మసి, పాట: మన పచ్చబొట్టు అవ్వల పనితనం

మాదాపూర్, కొండాపూర్ సందుల్లో ఇప్పుడు టీ కొట్టు ఎంత మామూలో టాటూ స్టూడియో కూడా అంతే మామూలైపోయింది. అక్కడి ఆల్బమ్‌లలో ‘ట్రైబల్’ అని ఒక రకం బొమ్మలుంటాయి. నల్లగా, వంపులు తిరిగి, కొసలు ముల్లుల్లా ఉంటాయి. మన పిల్లలు కొందరు ఇవి మనవే కాబోలు అనుకుని వేయించుకున్నారు. అవి మనవి కావు. బోర్నియో, పసిఫిక్ దీవుల బొమ్మలను చూసి 1980లలో అమెరికాలో లియో జులుయెటా వంటివారు ప్రచారంలోకి తెచ్చిన తీరు అది. నచ్చి వేయించుకుంటే తప్పేమీ లేదు. కానీ మన ఎరుకల ఆడవాళ్ళకు ఈ పనిలో సొంత చరిత్ర ఉందని ఆ పిల్లలకు పెద్దలమైన మేమే చెప్పలేదు. ఆ లోపం మాది.

ఎరుక చెప్పడం, బుట్టలల్లడం, పచ్చబొట్టు పొడవడం. మన అవ్వలు ఊరూరా తిరిగి ఈ పనులు చేసుకుని ఇల్లు గడిపారు. మద్రాసు మ్యూజియం అధికారి ఎడ్గర్ థర్‌స్టన్ 1906లో అచ్చువేసిన పుస్తకంలో, మనకు దగ్గరి చుట్టాలైన కొరవ ఆడవాళ్ళు సిరా చేసే పద్ధతి రాసిపెట్టాడు. పసుపు, అవిసె చెట్టు ఆకు కలిపి నూరాలి. ఆ ముద్దను పల్చటి గుడ్డకు పట్టించి వత్తిగా చుట్టాలి. ఆముదపు దీపంలో ఆ వత్తి వెలిగించి పైన కొత్త కుండ బోర్లించాలి. కుండ లోపల పట్టిన మసిని గీకి చనుబాలతోనో నీళ్ళతోనో కలిపితే అదే సిరా. మూడు నాలుగు కుట్టుసూదులు దారంతో కట్టుకుంటే అదే పనిముట్టు. పల్లెల్లో కూలి కింద బియ్యం, అరటిపళ్ళు, ఆకువక్క ఇచ్చినా తీసుకునేవారట.

మసి నల్లగా ఉంటుంది కదా, మరి పచ్చబొట్టు అని ఎందుకన్నారు? చర్మం లోపలికి దిగిన నలుపు పైకి పచ్చగా, నీలంగా కనబడుతుంది. చూసి పెట్టిన పేరు అది.

మంచి చేతిని ఎలా గుర్తుపట్టేవారని మా ఇళ్ళలోని పెద్దవాళ్ళను అడిగాం. అందరూ మొదట చెప్పింది లోతు గురించే. సూది పైపైన తగిలితే రంగు నిలవదు, మరీ దిగితే గీత అలుక్కుపోతుంది. ఇప్పటి డాక్టర్లు చెప్పేదీ అదే. పై పొర కొన్ని వారాల్లో రాలిపోయి కొత్తది వస్తుంది కాబట్టి సిరా దాని కిందున్న పొరలో కూర్చోవాలి. పై నుంచి ఒకటి రెండు మిల్లీమీటర్ల లోపు వ్యవహారం. స్టూడియోలో మెషీన్ సూది ఎంత దిగాలో ముందే సరిచేసి పెట్టుకోవచ్చు. అయినా మోచేతి లోపలి మెత్తటి చర్మం మీద, మణికట్టు ఎముక మీద ఒకేలా నొక్కితే పని చెడుతుంది. అవ్వకు ఆ తేడా వేలికొసకు తెలిసేది. ఎడమచేత్తో చర్మాన్ని బిగించి పట్టడమే సగం విద్య అని ఒక పెద్దమ్మ మాతో అంది.

రెండోది పాట. పిల్ల ఏడవకుండా, చెయ్యి లాక్కోకుండా, పొడుస్తున్నంతసేపూ పాడేవారు. థర్‌స్టన్ కూడా ఈ సంగతి గమనించాడు. అది వినోదం కోసం కాదు, పనిలో భాగం. చెయ్యి కదిలితే తేలు బొమ్మ కాస్తా బల్లి అవుతుంది మరి! ముగ్గు, తేలు, తులసికోట, నుదుటి చుక్క, గడ్డం మీద చుక్క, మనిషి పేరు... ఏది ఎవరికి నప్పుతుందో, ఏ ఊళ్ళో ఏది అడుగుతారో తెలియాలి. చదువు రాని అవ్వ పేరు పొడవాలంటే ఎవరితోనో నేల మీద రాయించుకుని, ఆ అక్షరాన్ని బొమ్మలాగా చూసి దించేది.

ఇది తిరిగితేనే బతికే విద్య. 1871లో తెల్లదొరలు నేరస్థ జాతుల చట్టం తెచ్చారు. 1911 తర్వాత మద్రాసు రాజధానిలోనూ అది అమలై మనవాళ్ళ మీద పడింది. పేర్లు నమోదు చేయడం, వేలిముద్రలు తీసుకోవడం, ఊరు దాటాలంటే అనుమతి అడగడం. 1913లో స్టువర్టుపురం సెటిల్‌మెంట్ పెట్టారు. గుమ్మంలోకి పచ్చబొట్టు అవ్వ వస్తే దొంగల వేగు వచ్చిందని అనుమానించే రోజులు వచ్చాయి. 1952లో చట్టం పోయింది, చూపు అంత తొందరగా పోలేదు. థర్‌స్టన్ 1909 నాటి సంపుటాల్లో మన గురించి రాసినదాంట్లో దొంగతనాల కథలకే ఎక్కువ పేజీలు పోయాయి. ఈ సిరా సంగతి కొద్ది వాక్యాలే. చదివినప్పుడల్లా మాకు కడుపు మండుతుంది. కానీ ఆ కొద్ది వాక్యాలే ఇవాళ మనకు మిగిలిన రాతకోతలు.

పాతదంతా గొప్పదని చెప్పడం మా ఉద్దేశం కాదు. జాతరలో ఒకే సూదుల కట్టతో వరుసగా పొడిచేవారు. హెపటైటిస్-బి, హెచ్ఐవీ అలా కూడా పాకుతాయి. మీరు ఎక్కడ వేయించుకున్నా కొత్త సూది ప్యాకెట్ మీ కళ్ళ ముందే విప్పమనండి. అడిగితే చిరాకు పడేవాడి దగ్గర కూర్చోవద్దు.

ఆదిలాబాద్ వైపు గోండులకు పచ్చబొట్లు పొడిచింది తోటి తెగ ఆడవాళ్ళు. ఫిలిప్పీన్స్‌లో కళింగ కొండల్లోని బుస్కలాన్ ఊళ్ళో 1917లో పుట్టిన ఆపో వాంగ్-ఓడ్ అనే అవ్వ ఇప్పటికీ ముల్లు, మసితోనే పొడుస్తుంది. 2023 ఏప్రిల్‌లో ఆమె ఫొటో వోగ్ పత్రిక ముఖచిత్రంగా వచ్చింది. తన విద్యను మనవరాళ్ళ వరస పిల్లలకు నేర్పింది. మన అవ్వల దగ్గర నేర్చుకునేందుకు ఎవరూ కూర్చోలేదు. కూర్చోమని మేమూ చెప్పలేదు, అది చెరిగిపోతేనే మంచిదనుకున్నాం. ఉద్యోగానికి వెళ్ళేటప్పుడు మా వయసువాళ్ళు ముంజేతి బొట్లు కనబడకుండా పొడుగు చేతుల చొక్కాలు, జాకెట్లు వేసుకున్నారు.

మొన్న మా కుటుంబాలు కలిసినప్పుడు, గచ్చిబౌలిలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే అమ్మాయి ఒకతె తన నాయనమ్మ చేతి మీది ముగ్గును ఫొటో తీసుకెళ్ళి స్టూడియోలో వేయించుకుని వచ్చింది. ఎనభై దాటిన అవ్వ ఆ చెయ్యిని వెలుతురులోకి తిప్పి చాలాసేపు చూసింది.

“సూది బాగానే దిగిందే బిడ్డా. ఇదిగో, ఈ మూల తిప్పినకాడ చెయ్యి తడబడ్డది” అంది. తర్వాత, “ఎంత తీసుకున్నడు?” అని అడిగింది.

అమ్మాయి చెప్పింది. అవ్వ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వి, “ఇంకో చెయ్యి నా దగ్గరికి తే” అంది.