లంకల చట్టాల్లో మన పేరు ఎక్కడుంది?

మా హాస్టల్లో ఎనిమిదో తరగతి పిల్ల ఒకరోజు మమ్మల్ని అడిగింది: “మేడం, కొల్లేటి చట్టాలన్నీ పక్షుల గురించేనా? మా తాత గురించి ఏమీ లేదా?” వాళ్ల తాత యానాది. మావులు పెట్టి చేపలు పట్టి బతికినవాడు.

బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు, గుండేరు తెచ్చిన నీళ్లు కొల్లేట్లో చేరి, మన ఆకివీడు పక్కనుంచి ఉప్పుటేరు మీదుగా సముద్రంలో కలుస్తాయి. ఆ నీళ్ల మధ్య మెరకల మీద వెలిసినవే గుడివాకలంక, ప్రత్తికోళ్లలంక లాంటి ఊళ్లు.

1976లో జలగం వెంగళరావు ప్రభుత్వం లంకల పేదల కోసం సహకార సంఘాలు పెట్టి చేపల చెరువులు ఇచ్చింది. మంచి ఆలోచనే. సభ్యుల్లో ఎక్కువమంది వడ్డి మత్స్యకారులు, తర్వాత దళితులు. వాళ్లూ పేదలే, వాళ్ల మీద మనకు కోపం లేదు. కానీ ఇవాళ ఒక చోట, రేపు మరో చోట గుడిసె వేసుకునే మనవాళ్లను ఏ సంఘంలో రాస్తారు? చాలామంది చెరువు గట్ల మీద కాపలాదారులుగానే మిగిలారు. తర్వాత ఆ చెరువుల్లో చాలావరకు లీజుల పేరుతో పెట్టుబడిదారుల చేతుల్లోకి పోయాయి.

1999లో జీవో 120 వచ్చింది. సముద్ర మట్టానికి అయిదడుగుల కాంటూరు లోపలి 308 చదరపు కిలోమీటర్లు వన్యప్రాణి అభయారణ్యమయ్యాయి. సంప్రదాయ పద్ధతిలో చేపల వేటకు అందులో చోటుంచారు. 2002లో కొల్లేరు రాంసర్ జాబితాలో చేరింది. 2006లో సుప్రీంకోర్టు నియమించిన కేంద్ర సాధికార కమిటీ చెప్పాక ఆపరేషన్ కొల్లేరు పేరుతో చెరువు గట్లు తెంచారు. గట్టు తెగితే లీజుదారుకు పెట్టుబడి పోయింది. కాపలా మనిషికి పనీ పోయింది, గుడిసే పోయింది. అతని గుడిసె ఆ గట్టు మీదే కదా! 2008లో అభయారణ్యాన్ని మూడో కాంటూరుకు కుదించాలని శాసనసభ తీర్మానించింది, తర్వాత కేంద్రం వేసిన అజీజ్ కమిటీ వద్దంది. ఆ వాదనంతా ఎకరాల గురించే. ఎకరం లేనివాడి ఊసు అందులో లేదు.

ఏజెన్సీలో మన అన్నదమ్ములకు 1/70 చట్టం అండగా ఉంది. కొల్లేరు షెడ్యూల్డ్ ప్రాంతం కాదు కాబట్టి అది మనకు వర్తించదు. అయితే 2006 అటవీ హక్కుల చట్టం వేరు. చాలామంది అది కొండలకే అనుకుంటారు. ఆ చట్టం దృష్టిలో అభయారణ్యం కూడా అటవీ భూమే. అందులో రాసిన సామూహిక హక్కుల్లో నీటి వనరుల్లోని చేపల మీద హక్కు ఒకటి. ఇతరులైతే మూడు తరాల, అంటే 75 ఏళ్ల, నివాసం చూపాలి. షెడ్యూల్డ్ తెగలకు ఆ షరతు లేదు. 2005 డిసెంబరు 13కు ముందు నుంచి అక్కడే ఉంటూ, బతుకు కోసం దాని మీదే ఆధారపడి ఉండాలి. క్లెయిమ్ ఇవ్వాల్సింది గ్రామసభకు. పాత రేషన్ కార్డు, ఓటరు కార్డుతో పాటు ఊరి పెద్దలు చెప్పింది రాసిపెట్టినా సాక్ష్యమే, కాకపోతే క్లెయిమ్ పెట్టే మనిషి కాక వేరే పెద్దలు చెప్పాలి.

ఇదంతా విని ఆ పిల్ల వేసవి సెలవులకు నోటు పుస్తకం పట్టుకెళ్లింది. తాత పక్క గుడిసెలో ఉండే ముసలమ్మతో మొదలుపెట్టిందట.