బందరు బాట, దాని లెక్కలు

గోల్కొండ సుల్తాను తానీషా బందరు వెళ్తూ దారిలో ఆగాడని, భాగవతుల ఆట చూసి మురిసిపోయి అగ్రహారం రాసిచ్చాడని కూచిపూడిలో తరతరాలుగా చెప్పుకుంటారు. అందులో కథ ఎంతో, చరిత్ర ఎంతో గానీ ఆ దారి మాత్రం ఉంది. వజ్రాలూ బట్టలూ రేవుకు చేరింది దాని మీదే. ఫ్రెంచి వజ్రాల వర్తకుడు తావెర్నియే 1652లో బెజవాడ చూశాడు. గోల్కొండ నుంచి మచిలీపట్నం దాకా ఏ మజిలీ ఎన్ని కోసులో తన పుస్తకంలో రాసిపెట్టాడు. ఇప్పుడు దాదాపు అటుగానే 65వ నంబరు జాతీయ రహదారి సాగుతోంది.

తర్వాత కాలంలో కోసుల లెక్క కొలత గొలుసులకు మారింది. కాలిన్ మెకంజీ సర్వేల వెంట ఏలూరు వాడైన కావలి వెంకట బొర్రయ్య, అతని తమ్ముళ్లూ ఊరూరా కైఫీయత్తులనే గ్రామ చరిత్రలు సేకరించారు. 1815లో మెకంజీ దేశానికి తొలి సర్వేయర్ జనరల్ అయ్యాడు. ఆ పేరు వెనుక తెలుగువాళ్ల కష్టం ఉంది.

డెల్టా రూపు మార్చింది మాత్రం 1855లో పూర్తయిన కృష్ణా ఆనకట్ట. ఇంజినీర్లు లెవెల్ తీసి, కాలువలను మెరక వెంట, మురుగు కాలువలను పల్లం వెంట నడిపారు. చాలాచోట్ల గట్లే బాటలయ్యాయి. బెజవాడలో ఒకపక్క ఇంద్రకీలాద్రి, ఒకపక్క కృష్ణ, ఊరి మధ్యలో బందరు, ఏలూరు, రైవస్ కాలువలు. ఇక రోడ్డుకు మిగిలిన చోటెంత?

ఆ ఇరుకు తీర్చడానికే కనకదుర్గ ఫ్లైఓవర్, బెంజ్ సర్కిల్ మొదటి ఫ్లైఓవర్ కట్టారు. రెండూ 2020 అక్టోబరు 16న ఒకేసారి ప్రారంభమయ్యాయి.

ఏ రోడ్డు ముందు బాగుచేయాలో తేల్చే ప్రమాదాల లెక్క చాలాకాలం పోలీసుల కాగితాల్లోనే ఉండిపోయింది. ప్రమాదం జరిగిన చోటు స్టేషనుకు ఎంత దూరం, ఏ దిక్కు అని ఎఫ్ఐఆర్‌లో ఒక గడి ఉంటుంది. ‘తూర్పున మూడు కిలోమీటర్లు’ అని రాస్తే అది మలుపో, కల్వర్టో, కూడలో ఇంజినీరుకు ఎలా తెలుస్తుంది? ఐఐటీ మద్రాసు, ఎన్ఐసీ కలిసి తయారుచేసిన ఐరాడ్ అనే ప్రమాదాల సమాచార వ్యవస్థ వచ్చాక పోలీసులు ఆ చోటే నిలబడి యాప్ తెరుస్తున్నారు. అక్షాంశ రేఖాంశాలు నమోదవుతాయి, ఫొటోలు చేరతాయి. జాతీయ రహదారిలో 500 మీటర్ల ముక్కలో మూడేళ్లలో ప్రాణం తీసినవో, తీవ్రంగా గాయపరిచినవో ఐదు ప్రమాదాలు జరిగినా, మొత్తం పదిమంది చనిపోయినా దాన్ని బ్లాక్‌స్పాట్ అంటారు. ఆ లెక్క సరిగా తేలాలంటే ప్రతి ప్రమాదమూ పటం మీద తన చోటనే ఉండాలి.

అయితే డెల్టాకు ప్రమాదాల పటం ఒక్కటే చాలదు. 2023 జులైలో నందిగామ దగ్గర ఐతవరం వద్ద మున్నేరు రోడ్డెక్కితే హైదరాబాదు–విజయవాడ రాకపోకలు ఆగిపోయాయి. 2024 సెప్టెంబరులో బుడమేరు విజయవాడను ముంచిన రోజుల్లో ఐతవరం దగ్గర మళ్లీ అదే జరిగింది. ప్రకాశం బ్యారేజీకి ఆ వరదలో 11 లక్షల క్యూసెక్కులు దాటి నీరొచ్చింది. రోడ్డు ఎత్తు ఎంతో, వరద ఎంత ఎత్తుకు వచ్చిందో రెండూ కొలవగలిగినవే. బ్లాక్‌స్పాట్ల పక్కన ఆ మట్టాలను కూడా ఒకే పటం మీద పెట్టి, ఐతవరం లాంటి చోట్లను పనుల జాబితాలో పైకి తేవాలి.