కప్పు వేయువాడు

కోటప్పకొండ తిరునాళ్ళనగానే ఎల్లరకును ప్రభలు జ్ఞప్తికి వచ్చును. నాకు మాత్రము శివరాత్రికై కొండ దిగువను నాలుగు దినములలో లేచి, నాలుగు దినములలో మాయమగు అంగళ్ళ వరుసలు ముందుగా స్ఫురించును. ఒకప్పుడు వాని పైకప్పులు తాటాకువే. వెదురు గుంజలు, వెదురు వాసములు, కొబ్బరిత్రాళ్ళ ముళ్ళు. ఒక పందిరి క్రింద మిఠాయివాని పొయ్యి మండుచుండగా, ప్రక్కపందిరి యాకు దాని చూరునకు తగులుచుండెడిది. మాఘమాసాంతమునకు ఆ యాకు ఎండి గలగలలాడును.

చెన్నపురి ప్రభుత్వము ఇట్టి కప్పులనుగూర్చి తలపోయకపోలేదు. 1888వ సంవత్సరపు రెండవ చట్టము వినోదమునకై జనులు చేరు శాలలకును ఆవరణములకును లైసెన్సు విధించినది. 1920 నాటి జిల్లా మునిసిపాలిటీల చట్టము, గడ్డి, ఆకు, చాప మొదలగు సులభముగా నంటుకొను వస్తువులతో కప్పు వేయుటకు అనుమతి పొందవలె ననెను. అందుచే 1915లో పురపాలక సంఘ మేర్పడిన నరసరావుపేటలో అంగడి కట్టు వర్తకుడు అధికారి నడుగవలసి వచ్చెను. కొండయో, సుమారు 12 కిలోమీటర్ల దూరమున, ఆ సంఘపు పొలిమేరకు వెలుపలిది.

అదియు నట్లుండనిండు. చట్టము కప్పును జూచెనేగాని కప్పు వేయువానిని చూడలేదు. నా మనసునకు తోచిన లోప మిది. మన మయమతము మనుష్యునిగూడ పరీక్షించును. స్థపతి, సూత్రగ్రాహి, తక్షకుడు, వర్ధకి యని నలుగురు శిల్పులను చెప్పి, స్థపతి శాస్త్రములెల్ల నెరిగినవాడును, సూత్రగ్రాహి కొలతయందును, తక్షకుడు చెక్కుటయందును, వర్ధకి కూర్చుటయందును నేర్పరులును కావలెనని నియమించినది. ఆ గ్రంథము ప్రాసాదములకేగాని తాటాకు పందిళ్ళకు కాదుగదా యని మీరనవచ్చును. నిజమే. కాని గుడిలో మ్రొక్కిన జనమే దిగివచ్చి పందిరి క్రింద చేరును.

2004 జులై 16వ తేదీన తమిళనాట కుంభకోణములో, వంటపాకలో పుట్టిన నిప్పు బడి పైయంతస్తు ఆకుకప్పున కంటుకొనగా, 94 మంది పిల్లలు మరణించిరి. మరునాడు తరగతిలో హాజరుపట్టీ పిలుచుచు నేను రెండుమారులు ఆగిపోతిని.

ఆంధ్రప్రదేశమున 2017లో వెలువడిన భవన నియమములు, కట్టడమునకు అనుమతితోబాటు కట్టువారికిని లైసెన్సు కావలెనన్నవి. నిర్మాత కలడు, ఇంజినీరు కలడు, పట్టణ ప్రణాళికలు వేయువాడు కలడు. వెదురుపై గూర్చుండి త్రాడు బిగించువాని పేరు మాత్రము ఆ పట్టికలో లేదు. వానికి ఆ ముడి నేర్పినవాడు తండ్రియో, మేనమామయో.