గాలి తీస్తే కదిలిన బండి

ఇసుకలో బండి దిగబడితే ఎవరి కాలైనా ముందు యాక్సిలరేటర్ మీదికే పోతుంది. చక్రం గిర్రున తిరిగి ఇంకో జానెడు లోతుకు దిగుతుంది. 1920ల చివర ఈజిప్టు ఎడారిలో తిరిగిన రాల్ఫ్ బాగ్నోల్డ్ అనే బ్రిటిష్ సైనిక ఇంజనీరు దీనికి వేరే మందు వాడాడు. టైర్లలో గాలి తీశాడు. గాలి తగ్గిన టైరు నేల మీద పొడవుగా పరుచుకుంటుంది, బరువు ఎక్కువ జాగాకు పంచుకుపోతుంది, బండి ఇసుకలో కూరుకుపోకుండా పైపైన నడిచిపోతుంది. దూరప్రయాణాలకు బండ్లను మార్చుకునే విద్యకు నా దృష్టిలో ఇదే తొలిపాఠం. దీనికి పైసా ఖర్చు కూడా లేదు.

బాగ్నోల్డ్ నడిపినవి ఫోర్డ్ మోడల్ టీ, మోడల్ ఏ కార్లు. వాటికి వెనక చక్రాల బలమే దిక్కు. ఎడారిలో రేడియేటర్ మరిగితే నీళ్లు ఆవిరై పోతాయి. తాగే నీళ్లే దానికీ పోయాలి. అందుకని ఆ ఆవిరిని గొట్టం ద్వారా పక్కన బిగించిన నీళ్ల డబ్బాలోకి పంపాడు. ఆవిరి అక్కడ చల్లబడి నీరవుతుంది. ఇంజన్ చల్లారాక రేడియేటరే ఆ నీళ్లను వెనక్కి పీల్చుకుంటుంది. కారు ఇనుము దగ్గర అయస్కాంత దిక్సూచి తప్పు చూపిస్తుంది కనుక, పళ్లెం మధ్య నిలబెట్టిన సూది నీడతో దిక్కు చెప్పే సూర్య దిక్సూచిని వాడాడు. కైరోలో పాత ఇనుప సామాన్ల కొట్టులో, మొదటి ప్రపంచయుద్ధపు కందకాల కప్పులకు వేసే ఉక్కు రేకులు దొరికితే వాటిని దిగబడిన చక్రాల కింద పరిచాడు. ఇప్పుడు బండ్ల పక్కన రంగురంగులుగా వేలాడే ప్లాస్టిక్ రికవరీ బోర్డులకు పూర్వీకులు ఆ రేకులే.

1940 వేసవిలో, మధ్యప్రాచ్యంలోని బ్రిటిష్ సేనల అధిపతి జనరల్ వేవెల్ అనుమతితో బాగ్నోల్డ్ లాంగ్ రేంజ్ డెజర్ట్ గ్రూప్ అనే ఎడారి సైనిక దళాన్ని నిలబెట్టాడు. టన్నున్నర మోసే షెవ్రోలే లారీలు తెచ్చి తలుపులు, పైకప్పు, ముందు అద్దం పీకేశారు. కమాన్ కట్టలకు అదనపు పట్టీలు వేశారు. ముందు తీసేయవలసినవి తీసేసి, ఆ తర్వాతే పెట్టవలసినవి పెట్టారు. ఈ వరసను గుర్తుంచుకోవాలి. 1941లో ఫోర్ వీల్ డ్రైవ్ ఉన్న ఫోర్డ్ ఎఫ్30లు వచ్చాయి. బరువెక్కువ, పెట్రోలూ విపరీతంగా తాగేవి. 1942లో దళం మళ్లీ రెండు చక్రాల బలం మీదే నడిచే షెవ్రోలేలకు మారింది. మన సైనికుల ఇండియన్ లాంగ్ రేంజ్ స్క్వాడ్రన్ కూడా ఆ ఎడారుల్లో పనిచేసింది.

యుద్ధం ముగిసేసరికి 6 లక్షలకు పైగా జీపులు తయారై ఉన్నాయి. మిగిలిపోయినవి పొలాలకూ గనులకూ అడవులకూ చేరాయి. 1948లో ల్యాండ్ రోవర్ వచ్చింది. 1955 సెప్టెంబరులో ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జి విద్యార్థులు ఆరుగురు రెండు ల్యాండ్ రోవర్లలో లండన్ నుంచి బయలుదేరి, మన దేశం మీదుగా, మరుసటి మార్చికి సింగపూర్ చేరారు. దూరప్రయాణానికి సిద్ధం చేసిన బండి ఎలా ఉంటుందో చాలామందికి ఆ జంట బండ్లే చూపించాయి.

కానీ ఈ విద్య పరిశ్రమగా ఎదిగింది ఆస్ట్రేలియాలో. కారణం నేలే. సింప్సన్ ఎడారిలో ఒకదాని వెనక ఒకటిగా 1,100కు పైగా ఇసుక దిబ్బలు దాటాలి. 1962లో భూగర్భ శాస్త్రవేత్త రెగ్ స్ప్రిగ్ భార్య గ్రిసెల్డాను, ఇద్దరు పిల్లలను వెంటబెట్టుకుని నిస్సాన్ ప్యాట్రోల్ అనే బండిలో దాన్ని దాటాడు. మోటారు బండిలో ఆ ఎడారిని దాటడం అదే మొదలు. ఈ చరిత్రలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన ఘట్టం ఇది: సైనికుల సాహసం ఒక కుటుంబ ప్రయాణంగా మారింది. పశువులను తోలుకెళ్లడానికి బావులు తవ్విన 1,850 కిలోమీటర్ల కానింగ్ స్టాక్ రూట్‌ను 1968లో తొలిసారి బండ్లలో పూర్తిగా దాటారు. అంత దూరానికి ఇంధనం దాదాపు అంతా వెంట మోయాలి. అదనపు ట్యాంకుల అవసరం అక్కడిదే. సంధ్యవేళ రోడ్డుకు అడ్డంపడే కంగారూల నుంచి రేడియేటర్‌ను కాపాడటానికి బండి ముందు బిగించే ఉక్కు బుల్‌బార్ వచ్చింది. ఇంజన్‌కు పైనుంచి గాలి అందించే గొట్టం, స్నార్కెల్, వాగులు దాటడానికే అనుకుంటారు. ఇంజన్‌లోకి నీరు చేరితే కనెక్టింగ్ రాడ్లు వంగిపోతాయన్నది నిజమే. అయితే ఆ దేశంలో అంతకన్నా రోజూ పనికొచ్చేది పైకప్పు ఎత్తున దొరికే దుమ్ము తక్కువ గాలి. 1975లో టోనీ బ్రౌన్ అనే యువకుడు ఉత్తర ఆస్ట్రేలియా దారుల్లో తిరిగి, కొన్న బుల్‌బార్లూ పైకప్పు చట్రాలూ విరిగిపోతుంటే చూసి, మెల్‌బోర్న్‌లో తానే తయారీ మొదలుపెట్టాడు. ఏఆర్‌బీ అనే ఈనాటి పెద్ద కంపెనీ అలా పుట్టింది.

తర్వాత బండి మీద బండెడు సామాను ఎక్కింది. పైకప్పు గుడారాలు ఇటలీలో 1958లోనే వచ్చాయి. ఫ్రిజ్, రెండో బ్యాటరీ, దిగబడిన బండిని తీగతో లాగే విన్చ్ ఒక్కొక్కటిగా చేరాయి. లెక్క వేసి చూడండి: అదనంగా 90 లీటర్ల డీజిల్ 75 కిలోలు, 60 లీటర్ల నీళ్లు 60, గుడారం 60, ఉక్కు బారూ విన్చూ కలిపి 100. దాదాపు 300 కిలోలు. నలుగురు పెద్దవాళ్లు ఇంకో 300. ఇలాంటి పెద్ద బండ్లలో చాలావాటికి కంపెనీ అనుమతించే మోత 600–800 కిలోల మధ్యే. ఆ పైన స్ప్రింగులు మార్చినా బ్రేకులూ యాక్సిళ్లూ పాతవే. బాగ్నోల్డ్ తలుపులు పీకింది ఈ బరువు భయంతోనే.

మన దేశంలో కథ వేరు. 1947 తర్వాత మహీంద్రా బిగించిన విల్లీస్ జీపులతో మొదలై, 1985 నాటి మారుతి జిప్సీ మీదుగా, 2010లో వచ్చిన థార్ దాకా బండ్లకు కొదవ లేదు. కానీ రిజిస్ట్రేషన్ పత్రంలోని కంపెనీ వివరాలకు భిన్నంగా బండిని మార్చడాన్ని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఒప్పుకోదు. 2019లో సుప్రీంకోర్టు అదే ఖాయం చేసింది. బుల్‌బార్లను 2017 డిసెంబరులోనే కేంద్రం వద్దంది. పాదచారికి తగిలితే ఆ ఉక్కు ప్రాణం తీస్తుంది. ఆ నిషేధం న్యాయమే.

కనుక జైసల్మేర్ ఇసుకకో, లదాఖ్ దారులకో బయలుదేరే మిత్రులకు నా విన్నపం ఒకటే. నకిలీ స్నార్కెల్, ఎల్ఈడీ లైట్ల వరసల మీద డబ్బు పోయకండి. మంచి టైర్లు, గాలి కొలిచే గేజీ, 12 ఓల్టుల కంప్రెసర్, ఒక పార, లాగడానికి గట్టి పట్టీ కొనండి. ఇసుక మొదలైన చోట ఆగి టైర్లలో గాలి 18 పీఎస్ఐకి దించండి. తారురోడ్డు ఎక్కేముందు మళ్లీ నింపండి; తక్కువ గాలితో వేగంగా పోతే టైరు వేడెక్కి పేలుతుంది.