ధాత కరువు, కాలువ గట్టు, గుండ్లకమ్మ

మన పెద్దలు కరువులకు సంవత్సరముల పేర్లు పెట్టినారు. గుంటూరు సీమను తుడిచిపెట్టిన 1832-33 నాటి క్షామము నందన కరువు. 1876లో మొదలై దక్షిణాపథమునంతటిని ఎండబెట్టిన క్షామము ధాత కరువు. తారీఖులు తెలియని ముదుసలులు గూడ ఈ పేర్లను మరువలేదు. ధాత వెళ్ళి ఈశ్వర వచ్చినను, ఆ సంవత్సరము సగము గడచువరకు ఆకాశము కరుణింపలేదు. ఆ తరువాత వచ్చినది బహుధాన్య. పేరులోనే ధాన్యమున్న ఆ సంవత్సరము నాటికి, దక్షిణ దేశపు బ్రిటిషు పాలిత భాగములలోనే 50 లక్షలకు పైబడి జనము నశించినారని చరిత్రకారుల అంచనా.

ఆ కరువు కథ యంతయు చెప్పుట నా ఉద్దేశము కాదు. ఒంగోలు చుట్టుపట్ల ఆ రోజులలో జరిగిన ఒక్క సంగతిని మాత్రము మనవి చేయదలచినాను. ఆకలితో ఉన్న మనిషి దేవుని పేరు పలికినప్పుడు చూచువారికి ఒక అనుమానము కలుగుచుండును: ఇతడు మనసుతో పలుకుచున్నాడా, కడుపుతో పలుకుచున్నాడా? మన దేశములో క్రైస్తవమును గురించిన వాదములలో ఈ ప్రశ్న ఇప్పటికిని వినవచ్చుచున్నది. దానికి తేలికయైన సమాధానము లేదు. కాని ఒంగోలు కథ తెలిసినవారు ఆ ప్రశ్నను కొంత మార్చి అడుగుదురని నా నమ్మకము.

తెలుగునాట అమెరికను బాప్టిస్టుల కృషి ఆరంభము చాల దీనమైనది. శామ్యూల్ డే అను బోధకుడు 1836లో ఈ దేశమునకు వచ్చి, 1840లో నెల్లూరు చేరినారు. పదమూడేండ్లు గడచినను వారి శ్రమకు ఫలితము స్వల్పము. 1853లో అమెరికాలోని ఆల్బనీ నగరమున కూడిన సభలో, నెల్లూరు కేంద్రమును మూసివేయుదమా అను చర్చ వచ్చినది. పటము మీద ఒంటరి చుక్కగా కనబడు ఆ ఊరిని ఎవరో ‘ఒంటి నక్షత్రము’ అన్నారు. శామ్యూల్ స్మిత్ అను కవి ఆ మాట పట్టుకొని రాత్రికి రాత్రి ఒక గీతము వ్రాసినారు. మరునాడు దానిని విన్నవారికి మూసివేయుటకు మనసు రాలేదు. ఒక సంస్థను పద్యము బ్రతికించుట చరిత్రలో తరచుగా జరుగు పని కాదు.

1862లో మరల అదే ప్రశ్న. ఈసారి అడ్డుపడినవారు లైమన్ జూయెట్. ఆరోగ్యము చెడి స్వదేశమునకు వెళ్ళియున్న ఆయన, సంఘమువారు పంపకపోయినను తాను తిరిగి పోయి తెలుగువారి నడుమనే బ్రతికి, వారి నడుమనే కన్నుమూయుదునని పట్టుపట్టినారు. ఆ పట్టుదల వెనుక ఒక ఉదయము ఉన్నది. 1854 జనవరి 1వ తేదీన, తెల్లవారకముందే, జూయెట్ గారును, వారి భార్యయు, ముగ్గురు తెలుగు క్రైస్తవులును ఒంగోలు కొండ యెక్కి, ఆ ఊరికి ఒక బోధకుని పంపుమని ప్రార్థించినారు. కొండ మీద ఉన్నవారు ఐదుగురే. ఆ కొండకు ప్రార్థన కొండ అను పేరు నిలిచినది.

అడిగిన బోధకుడు వచ్చుటకు పండ్రెండేండ్లు పట్టినది. 1866లో ఒంగోలులో కాపురము పెట్టిన జాన్ ఎవరెట్ క్లౌ గారు, పూర్వము అమెరికాలోని మిన్నెసోటా ప్రాంతమున ప్రభుత్వ భూములు కొలిచిన మనిషి. గొలుసు, లెక్క, మట్టి తెలిసినవారు. బోధకునికి ఇవి ఏల అనిపించును గాని, పదేండ్ల తరువాత ఆ విద్యయే వేలమందికి కూడు పెట్టినది.

అదే సంవత్సరము తాళ్లకొండపాడు వాస్తవ్యులు యెర్రగుంట్ల పేరయ్యయు, వారి భార్య నాగమ్మయు బాప్తిస్మము పొందినారు. పేరయ్య మాదిగ కులస్థులు, తోళ్ళ వర్తకులు. క్రైస్తవము వినక పూర్వమే రాజయోగ మార్గమున గురూపదేశము పొంది, అంతర్యామిని ధ్యానించుట నేర్చినవారు. మన దేశములో అణగిన కులములకు ఆత్మవిద్య తెలియదను భ్రమ మనలో చాలమందికి ఉన్నది. పేరయ్య చరిత్ర చదివినచో అది తొలగును. ఆయన వెదకుచుండినది క్రొత్త దేవుని కాదు. తన వెదకులాటకు బదులు పలుకు దేవుని. దొరికినాడని తోచినంతనే, పల్లె పల్లెకు నడచి తన వారికి చెప్పసాగినారు. 1867 జనవరి 1వ తేదీన ఎనిమిదిమంది సభ్యులతో ఒంగోలు సంఘము ఏర్పడినది.

అప్పుడు వచ్చినది చిక్కు. క్లౌ గారి బడికి అగ్రవర్ణముల పిల్లలు వచ్చుచుండినారు. మాదిగలను చేర్చుకొన్నచో మా పిల్లలను మాన్పించెదమని పెద్దలు కబురు పంపినారు. పై కులములవారు ముందుగా వచ్చినచో తక్కినవారు వారి వెంట వత్తురని ఆ కాలపు బోధకులలో అనేకుల ఆశ. క్లౌ గారికిని ఆ ఆశ లేకపోలేదు. ఏమి చేయవలెనో తోచక ఆయన ఒక గదిలో, భార్య హారియెట్ గారు వేరొక గదిలో బైబిలు చేతికి తీసికొన్నారట. ఇద్దరికిని తెరచినంతనే కనబడినది ఒక్క భాగమే: కొరింథు సంఘమునకు పౌలు వ్రాసిన మొదటి లేఖలో, దేవుడు లోకమునందలి జ్ఞానులను, ఘనులను గాక బలహీనులను, తృణీకరింపబడినవారిని ఏర్పరచుకొన్నాడను అర్థము గల మొదటి అధ్యాయము చివరి భాగము. ఈ వృత్తాంతమును క్లౌ గారు తమ స్వీయచరిత్రలో చెప్పుకొన్నారు. యాదృచ్ఛికమనువారు అనవచ్చును. తరువాత జరిగినది మాత్రము యాదృచ్ఛికము కాదు. మాదిగలను చేర్చుకొన్నారు. అగ్రవర్ణముల పిల్లలు బడి విడిచి వెళ్ళినారు.

ఆ లేఖ వ్రాసిన పౌలు గూడ బలశాలి కాడు. తన దేహమునందు ముల్లు వంటి బాధ యొకటి కలదనియు, దానిని తీసివేయుమని మూడు పర్యాయములు వేడుకొన్నను అది పోలేదనియు, దానికి మారుగా దైవకృప చాలునను సమాధానము మాత్రము వచ్చినదనియు ఆయన రెండవ లేఖలో వ్రాసికొన్నారు. రోగమును పోగొట్టక, రోగిని విడువని కరుణ అది. ఒంగోలు పల్లెలకు వచ్చిన కరుణయు ఇట్టిదే. సంఘములో చేరినవారి కష్టము తీరకపోగా హెచ్చినది. ఆదివారము పని మానవలెను, విగ్రహములను కొలువరాదు, చచ్చిన పశువుల మాంసము ముట్టరాదు. ఈ మూడు నియమములు పాటించినవారిపై ఊరి ఆగ్రహము పడినది. జాతరలో డప్పు కొట్టని మాదిగకు పని లేదు, పని లేనిచో గింజలు లేవు.

ఇట్లుండగా ధాత కరువు వచ్చి పడినది.

ప్రభుత్వము సహాయపు పనులు పెట్టినది. వాటిపై ఖర్చు తగ్గించుటకు వచ్చిన సర్ రిచర్డ్ టెంపుల్, 1877 జనవరిలో పనిచేయు మగవానికి రోజుకు ఒక పౌను ధాన్యము, ఒక అణా కూలి చాలునని నిర్ణయించినారు. మద్రాసు ప్రభుత్వపు ఆరోగ్యాధికారి డాక్టరు కార్నిష్, ఆ తిండితో మట్టి మోయు మనిషి బ్రతుకడని గట్టిగా వాదించినారు. పెద్ద దొరల నడుమ ఈ వాగ్వివాదము సాగుచుండగా దారి పొడవున జనము రాలిపోవుచుండినారు. కూలి స్థలములలోను మాదిగల స్థితి మరింత హీనము. పైవాడు తిట్టును, కొట్టును, కొలతలో కోత పెట్టును.

అప్పుడు క్లౌ గారు బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ళ త్రవ్వకమును గుత్తకు తీసికొన్నారు. మిన్నెసోటాలో నేర్చిన కొలత ఇక్కడ అక్కరకు వచ్చినది. తాటియాకుల గుడిసెలతో శిబిరము లేచినది. మేస్త్రీలు ఎవరు? పేరయ్య వంటి తెలుగు బోధకులే. వారిలో అధికులు మాదిగలు. ఆ గట్టు మీద మాదిగవానిని మాదిగవాడని కొట్టువారు లేరు. గంప దింపి జనము నడుము వాల్చిన వేళ, మేస్త్రీ వారి ప్రక్కనే కూర్చుండి, బరువులు మోసి అలసినవారిని తన కడకు రమ్మని క్రీస్తు పిలిచిన పిలుపును గురించి చెప్పెడివారు. మత్తయి సువార్తలోని ఆ మాటకు వ్యాఖ్యానము అక్కర లేదు. విన్నవారి తలల మీద చుట్టకుదురు ఇంకను ఉన్నది. కూలీలు కొందరు వెళ్ళుచు, కొందరు వచ్చుచు ఉండుట వలన, ఆ మాట వారి వెంట దూరపు పల్లెలకు గూడ చేరినది. కలరా వచ్చి అనేకులు గట్టు మీదనే మరణించినారు. ఆ సంగతిని విజయగాథలు చెప్పువారు ఒక్క వాక్యములో దాటివేయుదురు. నాకు అట్లు దాటుట సాధ్యము కాదు. పిలుపు విన్న కొందరికి దొరకిన విశ్రాంతి అదియే.

జనము బాప్తిస్మము ఇమ్మని అడుగసాగినారు. క్లౌ గారు ఇవ్వలేదు. చేతిలో కూలి డబ్బులుండగా ఇచ్చు బాప్తిస్మము సహాయమునకు మారువెల యగునని ఆయన భయము. 1877 మార్చి మొదలు సుమారు పదునైదు మాసములు ఒక్కరికిని ఇయ్యలేదు. 1878 జూనులో సహాయపు పంపిణీ ముగించదలచి, ఒంగోలుకు ఉత్తరముగా గుండ్లకమ్మ ఒడ్డున గల వెల్లంపల్లికి బోధకులను పిలిచినారు. బోధకుల వెంట జనము గూడ వచ్చినది. ఇక ఇచ్చుటకు ఏమియు లేదని క్లౌ గారు నిష్కర్షగా చెప్పినారు. వారి సమాధానమును ఆయన వ్రాసిపెట్టినారు. దాని సారము ఇది. మాకు సహాయము అక్కర లేదు, పనిచేసి బ్రతికినవారమనుటకు మా అరచేతుల కాయలే సాక్ష్యము. రాబోవు పంట పోయినచో చచ్చెదము, చచ్చునది క్రైస్తవులముగా చచ్చెదము. దీనికి బదులు చెప్పుట ఎవరి తరము?

అప్పటికిని తొందరపడలేదు. బోధకులు ఊరివారీగా తమ తమ జనమును కూర్చుండబెట్టి ప్రశ్నించి, పేర్లు వ్రాసికొని, అనుమానము గలవారిని ఆపివేసినారు. జూలై 2వ తేదీన 614 మంది, 3వ తేదీన 2,222 మంది, 4వ తేదీన 700 మంది గుండ్లకమ్మలో బాప్తిస్మము పొందినారు. 3వ తేదీ సంఖ్య విని, అంతమందికి ఒక్క దినమున ఎట్లు సాధ్యమని ఆశ్చర్యపడినవారు కలరు. ఆరుగురు బోధకులు ఇద్దరిద్దరుగా వంతులు వేసికొని నీటిలో నిలిచినారు. మధ్యాహ్నము విరామమిచ్చి సాయంకాలమునకు ముగించినారు. హడావుడి లేదు. క్లౌ గారు ఆ రోజున ఒక్కరికిని స్వయముగా బాప్తిస్మమీయలేదు. ఆ సంవత్సరాంతమునకు మొత్తము 9,606 మంది అయినారు.

ఇక ఆరంభమున చెప్పిన అనుమానము. అమెరికాలోని వారి స్వమతస్థులలోనే కొందరు దీనిని శంకించినారు. శంకకు తావు లేదని నేననను. కూలి ఇచ్చినవారును, వాక్యము చెప్పించినవారును ఒక్కరే అయినప్పుడు, కృతజ్ఞతను విశ్వాసము నుండి వేరుచేసి తూచు త్రాసు ఎవరి వద్ద ఉన్నది? పదునైదు మాసముల నిరాకరణ ఆ త్రాసుకు కొంత దగ్గరగా వచ్చినది, అంతే. కాని కడుపునకును, మనసునకును నడుమ మనము గీయు గీత, కడుపు నిండినవారము గీయు గీత. కాలువ గట్టు మీద ఉన్నవానికి, తనను ఎవరును కొట్టని చోట తనవాడే ప్రక్కన కూర్చుండి, నీ అలసట దేవునికి తెలియునని చెప్పుట ఒకే సంగతిగా తోచియుండును. అందులో కూలి ఎంత, కరుణ ఎంత అని అతడు పంచుకొని చూడలేదు. ఎందుకు చూడవలెను?

ఒకటి మాత్రము గమనింపదగియున్నది. ఈ కథలో సహాయము బలవంతుని చేతినుండి దుర్బలుని చేతికి దిగివచ్చినట్లు పైకి కనబడును. లోతునకు పోయిన కొలది ఎవరును బలవంతులుగా కనబడరు. మూతబడబోయిన సంస్థ, రోగియై ఇల్లు చేరిన జూయెట్, బడి ఖాళీ అగుచుండగా గ్రంథము తెరచిన దంపతులు, తోళ్ళు అమ్ముకొనుచు తిరిగిన పేరయ్య. టెంపుల్ గారికి అధికారము ఉండినది, లెక్క ఉండినది, సామ్రాజ్యపు ఖజానా ఉండినది.

ఆ జనము తమ ఊళ్ళకు తిరిగిపోయినారు. వానలు పడి భూములు మెత్తబడినవి. ఇంటి పెద్దలు ఆరెలు, కత్తులు తీసికొని పాత చెప్పులు బాగుచేయుటకు కూర్చున్నారు. మునసబు కబురు పంపినాడు, డప్పు కొట్టుటకు రమ్మని. పోవుటయా మానుటయా అను ప్రశ్న ప్రతి గుడిసెలోను మరల మొదలైనది.